వానను ఆగమన్న పెద్దమ్మ

మొన్న సాయంత్రం బుక్కరాయసముద్రంలో మా ఇంటి వెనక ఖాళీ ప్లాట్ల మీదుగా ఒక తీతువు అరుచుకుంటూ పోయింది. పక్కింటావిడ గోడ మీంచి తల పైకి పెట్టి, "థూ, పాడుపిట్ట. ఎవుర్ని ఎత్తకపోను వచ్చిందో" అంటూ రాయి అందుకుంది. నాకు మామూలుగానే నోరు ఆగదు. "మీ ఇంట్లో ఎవురన్నా పోయేట్లుండారా? లేకుంటే యాలమ్మా దాని మీద రాళ్ళు?" అన్నాను. ఆమె రాయి కింద పారేసి, మూతి ముడుచుకుని లోపలికి పోయింది. ఇక నాలుగు రోజులు నాతో మాట్లాడదు. మాట్లాడకపోతే పాయె.

ఆ పిట్టను వెనకేసుకు రావడం నాకు అలవాటు చేసిన మనిషి ఇప్పుడు లేదు. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనేది, నేనూ అట్లాగే అన్నాను. పేరు చెప్పను. చెప్పినా ఆమె పేరుతో పిలిచినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

తొంభైల చివర్లో కదిరి బస్సు మార్గంలో ఒక చిన్న ఊరికి నన్ను టీచరుగా వేశారు. ఆడమనిషి ఒంటరిగా ఉండడానికి ఇల్లు దొరకడం కష్టమైంది. పెద్దమ్మ తన ఇంట్లో ముందు గది ఇచ్చింది. భూములున్న ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ లేచింది. గోడకు అవతల ఆమె తోడికోడలు చిన్నమ్మ, మొగుడూ పిల్లలతో ఉండేది. ఇవతల పెద్దమ్మ ఒక్కతే. భర్త పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు.

మొదటి వారం ఆమెకు దగ్గు జబ్బు ఉందనుకున్నాను. ఇల్లు దాటి వీధి మలుపు దగ్గరికి పోగానే దగ్గేది. పాపం అనుకుని మిరియాల కషాయం కాచి ఇచ్చాను. ఊదుకుంటూ తాగి, "బాగుండాది మే, ఇంగ రవ్వంత బెల్లం వెయ్యల్సింది" అంది. మర్నాడు మళ్ళీ అదే మలుపు దగ్గర దగ్గింది. ఆ ఇంటి వాకిట్లో సైకిలెక్కబోతున్న మనిషి గబుక్కున లోపలికి పోయాడు. ఆమె దాటిపోయాక బయటికి వచ్చి, ఏమీ ఎరగనట్టు సైకిలెక్కాడు. అప్పుడు గానీ నాకు ఆ దగ్గు ఎందుకో తెలియలేదు. పనిమీద బయల్దేరేవాళ్ళకు ముండమోసిన మనిషి ఎదురు కాకూడదు గదా, అందుకని వచ్చేముందు ఆమే కబురు చేసేది.

నాకు ఒళ్ళు మండింది. "ఎదురు పడితే పడనీ. నువ్వెందుకు దగ్గడం పెద్దమ్మా?" అన్నాను.

"వాడు కదిరికి పోతాండాడు మే, కోర్టు పనుండాది. పని కాకుంటే తెచ్చి నా నెత్తిన పెడతాడు. దగ్గేదానికి నాకేం పోతాది?" అంది. అనేసి బియ్యంలో రాళ్ళు ఏరడంలో పడింది.

చక్కెర జబ్బుకు పొద్దున్నే నడవమని కదిరిలో డాక్టరు చెప్పాడట. రోడ్డు మీద నడిస్తే ఊరంతా ఎదురొస్తుంది. ఎంతమందికని దగ్గుతుంది? అందుకే పెరటి తలుపు తీసుకుని వంకలోకి, అంటే వాగులోకి, దిగేది. మా వంక ఏడాదిలో పది నెలలు ఇసుక, గులకరాళ్ళే. రెండు గట్ల మీదా కానుగ చెట్లు, కంపచెట్లు. "ఆడైతే మనుషులెవురూ ఎదురు రారు. నక్కలొస్తాయి. నన్ను చూసి అవి పని మానుకొని ఎనక్కి పోతే పోనీ" అనేది. భర్త వదిలిపోయిన క్యాన్వాసు బూట్లలో ముందువైపు గుడ్డపేలికలు కుక్కి తొడుక్కునేది. చేతిలో ఒక కొబ్బరిచిప్ప. నేను రెండోనెల నుంచి ఆమె వెంట పడ్డాను. వంకలో ఆమె ఎప్పుడూ దగ్గలేదు.

పిట్టలూ జంతువులూ ఆమెకు బాగా తెలుసనుకుంటే పొరపాటే. సగం పేర్లు తెలియవు. నాకూ తెలియవు, నేను చదివింది లెక్కలు. ఆమె వాటన్నిటికీ చుట్టరికాలు కలిపింది. పొదల కింద నక్కి నక్కి తిరిగే జెముడుకాకి ఆమెకు ఆడబిడ్డ. "ఎర్రకండ్లు చూడు. మనం ఏం మాట్లాడుకుంటామో విని పోయి మాయమ్మకు చెప్తాది" అనేది, మాయమ్మ అంటే అత్తగారు. గట్టు మీద నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసే నక్క ఆమె మామ. పెళ్ళయిన కొత్తలో మామ కూడా అట్లాగే నడిచేవాడట, కోడలు వెనక వస్తోందా లేదా అని. ఒకరోజు ఆ నక్క కానుగ కింద పడుకుని రెండు పిల్లలకు పాలిస్తూ కనబడింది. నేను పకపకా నవ్వాను. ఆమె కాసేపు తేరిపార చూసి, "ఏం జేస్తాం మే, మా మామ బతికిన దినాల్లో ఒక్క బిడ్డను ఎత్తుకోలేదు. ఇప్పుడు తీరింది" అంది. ఆ తర్వాత కూడా అది మామే.

పాలపిట్ట అంటే ఆమెకు గిట్టదు. తీగ మీద నీలం రెక్కలు విప్పుకుని కూర్చుంటే నేను ఆగి చూసేదాన్ని. "వాన్నేం చూస్తావు? పండక్కి ఊరంతా పోయి దండం పెడతారు, వానికి మన చూపుతో పనిలేదు" అని నా రెక్క పట్టి లాక్కుపోయేది. ఎవరూ చూడని పిట్ట ఉంటే అక్కడ నిలబడేది. తీతువు దగ్గర మరీ ఎక్కువసేపు నిలబడేది.

వంక మలుపులో, ఇసుక బాగా పడ్డచోట, ఆమె వేసవిలో చెలమ తవ్వేది. కొబ్బరిచిప్పతో పైనున్న మురికి నీళ్ళు తోడి పారబోస్తే అడుగునుంచి తేటనీళ్ళు ఊరేవి. చెలమకు మూడు వైపులా గోడలా ఉంచి ఒక వైపు మాత్రం వాలుగా చదును చేసేది. "ఎందుకు పెద్దమ్మా అట్ల?" అంటే, "కౌజుపిట్టల పిల్లలు దిగి ఎక్కొద్దా? వాటికేం మెట్లు కట్టిస్తారా మీ గవర్నమెంటోళ్ళు?" అనేది. నేను గవర్నమెంటు ఉద్యోగిని కాబట్టి ఆ తిట్లన్నీ నాకే.

ఆ చెలమకు కాస్త దూరంలో, వంక నడుమ గులకరాళ్ళ మీద, తీతువుల జంట గుడ్లు పెట్టింది. గూడు లేదు, గీడు లేదు. రాళ్ళ మధ్య రాళ్ళలాగే గుడ్లు. దగ్గరికి పోతే రెండూ మా తలమీద తిరుగుతూ చెవులు చిల్లులు పడేట్టు అరిచేవి. ఎండ ముదిరినప్పుడు ఆడపిట్ట పరుగున చెలమ దగ్గరికి వచ్చి, కడుపు నీళ్ళలో ముంచుకుని, పోయి గుడ్లమీద కూర్చునేది. మొదటిసారి చూసినప్పుడు పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "రైక తడుపుకొని పోతాండాది చూడు మే, బిడ్డలకు చల్లగుండల్లని." ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు.

ఆ ఏడు మొదటి పెద్దవానకే వంక పారింది. మేము పోయేటప్పటికి గట్టునుంచి గట్టుకు ఎర్రనీళ్ళు. తీతువులు రెండూ ఆ నీళ్ళ మీద, సరిగ్గా ఆ చోట, తిరుగుతూ అరుస్తున్నాయి. ఊళ్ళోవాళ్ళు వంక చూడ్డానికి వచ్చి గట్టు మీద ఈలలు వేస్తున్నారు. పెద్దమ్మ కానుగ చెట్టు చాటున నిలబడి చూసింది. ఇంటికి వచ్చాక అన్నం సయించలేదని పడుకుంది.

మరుసటి ఏడు పిచ్చి పిట్టలు మళ్ళీ అక్కడే పెట్టాయి. అదీ ఆలస్యంగా, ఊరంతా వేరుశనగ విత్తిన తర్వాత. "ఇన్ని గట్లుండగా ఈ నడిమధ్యన పెట్టేదేందే" అని పెద్దమ్మ వాటిని నిలబెట్టి తిట్టింది. గుడ్లు ఎత్తి గట్టు మీద పెడదామన్నాను. "నిన్ను ఎత్తి ఇంగొక ఊర్లో ఎయ్యనీ, ట్రాన్స్‌ఫరు ట్రాన్స్‌ఫరని ఏడుస్తావు గదా. అది మాత్రం పోతాదా? గుడ్లు ఇడిసిపెట్టి ఎల్లిపోతాది" అంది. ఎగువన రాళ్ళు పేర్చి చిన్న కట్ట వేశాం. వంక పారితే ఆ కట్ట ఒక్క నిమిషం నిలవదని మా ఇద్దరికీ తెలుసు. అయినా రోజూ రెండు రాళ్ళు పెట్టేవాళ్ళం.

ఆ ఏడు వాన చేసిన పని ఇంతా అంతా కాదు. విత్తడానికి సరిపోయినంత పడి మాయమైంది. మొలకలు లేచాయి, తలలు వాల్చాయి. ఊళ్ళో ఇద్దరు కలిస్తే మోడం మాటే. మోడమంటే మబ్బు. పెద్దమ్మకూ పొలం ఉంది, ఆమే విత్తించింది. చేను దగ్గర నిలబడితే వాన రావాలి, వంకలో నిలబడితే రాకూడదు. ఆమె రోజూ రెండు చోట్లా నిలబడేది. ఎప్పుడైనా నేను ఆకాశం వైపు చూస్తే, "ఏమనుకుంటాండావు?" అని అడిగేది. నేను చూపు దించుకునేదాన్ని.

ఒక సాయంత్రం తూర్పున మోడం లేచింది. నల్లగా, కిందికి దిగి, కడుపుతో ఉన్న గేదెలా మెల్లగా వచ్చింది. ఊరంతా మిద్దెలెక్కింది. చిన్నపిల్లలు వీధిలో గెంతారు. పెద్దమ్మ పెరటి తలుపు తీసుకుని వంకలోకి దిగింది. సాయంత్రంపూట ఆమె ఎప్పుడూ పోదు. నేనూ వెనకనే పోయాను. తీతువు గుడ్లమీద కదలకుండా కూర్చుని ఉంది. పెద్దమ్మ దానివైపు చూసింది, మోడం వైపు చూసింది. బూట్లు విప్పింది. రెండు చేతులూ జోడించింది.

"వద్దనడం లేదు తల్లీ. రా. కానీ నాలుగు దినాలు ఆగి రాగూడదా? పిల్లలు బయటపడతాయి. నాలుగే దినాలు."

గట్టు మీద గేదె మెడలో గంట చప్పుడైంది. చిన్నమ్మ కానుగకు కట్టేసిన గేదెను విప్పుకుపోవడానికి వచ్చి, పలుపు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. గేదెను తోలుకుని గబగబా పోయింది.

పెద్దగాలి లేచింది. ఇసుక కళ్ళలో పడింది. నాలుగు చినుకులు, లావుపాటివి, నా చేతిమీద పడ్డాయి. మట్టివాసన వచ్చింది. అంతే. మోడం మా నెత్తిమీదుగా పోతూ పోతూ చీలిపోయి, చీకటి పడేసరికి ఆకాశం కడిగినట్టయింది.

మర్నాడు పొద్దున్నే చిన్నమ్మ గోడకు అవతల నిలబడి, "ఊరందరూ వాన కోసరం ఏడుస్తాంటే నువ్వు చేతులెత్తి పొమ్మంటివి గదక్కా. నీకు బిడ్డలుంటే తెలిసుండు చేనంటే ఏందో" అంది. గోడ ఎత్తుగా ఉంది కాబట్టి ఊరంతటికీ వినబడేట్టే అనాల్సి వచ్చింది. నేను గోడ దగ్గరికి పోయి, "వానకు చెవులుంటాయా చిన్నమ్మా? ఉంటే మీరందరూ రా రా అన్నది వినలేదా?" అన్నాను. "నీకేం తల్లీ, నీకు నెలనెలా జీతమొస్తాది" అంది చిన్నమ్మ. ఆమె చేను నిజంగానే ఎండిపోతోంది.

మధ్యాహ్నానికి బావి దగ్గర, సాయంత్రానికి బస్సు దగ్గర అదే మాట. పెద్దమ్మ వానను తరిమింది. తిట్టినవాళ్ళ మీద నాకు కోపం వచ్చిందే గానీ ఆశ్చర్యం వేయలేదు. ఆశ్చర్యం వేసింది పెద్దమ్మను చూసి. ఆమె నమ్మింది.

మర్నాటినుంచి వంకలోకి దిగడం మానేసింది. నేను ఒక్కదాన్నే పోయి చెలమ తోడి వచ్చేదాన్ని. ఇంకొన్ని రోజులకు పిల్లలు బయటపడ్డాయి. దూదిపింజల్లా ఒళ్ళు, ముళ్ళలా కాళ్ళు. అప్పుడే పుట్టి అప్పుడే పరుగులు. ఒకటి చెలమ వాలులో దిగి నీళ్ళ దగ్గర నిలబడింది. నేను పరుగెత్తుకుంటూ వచ్చి వాకిట్లోంచే, "పెద్దమ్మా, పిల్లలు బయటపడినాయి, అన్నీ బతికినాయి" అని కేకేశాను.

ఆమె వంటింట్లోంచి వచ్చి నా నోరు మూసింది. "గట్టిగా చెప్పాకు మే. ఊరు వింటాది" అంది. కళ్ళలో సంతోషం కనబడింది, నేను చూశాను. కానీ ఒక్కటి కూడా అడగలేదు. ఎట్లున్నాయనీ, ఏ రంగనీ అడగలేదు. రమ్మంటే రాలేదు. ఆమె ఆ పిల్లల్ని చూడకుండానే అవి పెద్దవై ఎగిరిపోయాయి. అన్నిటికంటే నాకు అదే బాధ. అంత పెట్టి కొన్న సంతోషాన్ని ఒక్కసారి కళ్ళతో చూసుకోలేదు.

ఆ పంటకాలంలో వాన మళ్ళీ రానేలేదు. చేలు గడ్డివాములకైనా పనికిరాకుండా మాడిపోయాయి. తర్వాతి ఏళ్ళు కూడా అంతంతమాత్రమే. పెద్దమ్మ ఇంట్లో కూడా దగ్గడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి వసారాలోకి వచ్చేముందు దగ్గేది. నేను ఒక్కదాన్నే ఉన్నా దగ్గేది. "నేనే గదా ఉండేది, నాకెందుకు దగ్గుతావు?" అని అరిచాను ఒకసారి. "స్కూలుకు పోతాండావు గదా మే, పిల్లలు పరీక్షలు రాస్తారు" అంది. మంచినీళ్ళ చెంబు గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి తిరిగింది.

నడక పోయేసరికి చక్కెర పెరిగింది. నాకు బదిలీ అయి అనంతపురం దగ్గరికి వచ్చాక, వీలైనప్పుడల్లా పోయి చూసివచ్చేదాన్ని. ఒకసారి పోతే కాలికి కట్టు ఉంది. క్యాన్వాసు బూట్లు అటక మీద. ఆ రోజు ఎట్లాగైనా ఆమె మనసులో ఉన్నది పీకి పారేయాలని కూర్చున్నాను. నేను లెక్కల టీచర్ని, నచ్చజెప్పడం నా వృత్తి.

"చూడు పెద్దమ్మా. ఆ ఏడు మన ఊర్లోనే పడలేదా? కదిరిలో పడలేదు. సోమందేపల్లెలో పడలేదు. నేను అనంతపురం దాకా బస్సులో పోయినా, దావపొడుగునా చేన్లు ఎండినాయి. జిల్లా అంతా ఎండింది. అంతా నీవల్లనేనా?"

ఆమె శ్రద్ధగా వింది. నేను గెలిచాననుకున్నాను. కాలి కట్టు సవరించుకుంది.

"సోమందేపల్లెలో గూడానా?" అంది. "అంతదూరం తగిలిందా మే, నా మాట?"

సాయంత్రం బస్సుకు వచ్చేశాను. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చిన కాలంలో ఒక పొద్దున చిన్నమ్మే ఫోన్ చేసింది. "టీచరమ్మా, మా అక్క పోయింది" అని మాత్రం అంది. నేను కదిరి బస్సు పట్టుకున్నాను. సగం దారిలో వాన మొదలైంది. ఊరు నెల రోజులుగా ఎదురుచూసిన వాన. బస్సులో రైతులు కిటికీలు మూయకుండా చేతులు బయట పెట్టి తడుపుకున్నారు.

పెద్దమ్మను వసారాలో పడుకోబెట్టారు. ఊరంతా వచ్చింది. ఎవరూ ఆమెకు ఎదురుపడకుండా తప్పుకోవాల్సిన పని ఇక లేదు కాబట్టి వచ్చి ముఖం చూసి పోతున్నారు. చూరు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పూడ్చడానికి చేనులో గుంత తవ్వబోయిన మగవాళ్ళు తడిసి వచ్చి, గుంతలోకి నీళ్ళు దిగుతున్నాయని, తోడినకొద్దీ ఊరుతున్నాయని చెప్పారు. పాడె కట్టి చాలాసేపయింది. ఎత్తడానికి లేదు.

చిన్నమ్మ పెద్దమ్మ తల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. దొంగ ఏడుపు కాదు, నేను పక్కనే ఉన్నాను. కొంగుతో పెద్దమ్మ నుదుటిమీద పడిన తుంపర తుడిచి, ఆకాశం వైపు తల ఎత్తింది.

"మా అక్కను తడుపుకుంటా తీసకపోవల్లనా? ఇంగ రవ్వంతసేపు ఆగి రాగూడదా ఈ వాన?"

"అవునమ్మా, గంటసేపు ఆగింటే ఏం పోయిండు" అన్నారు వసారాలో ఉన్నవాళ్ళు. ఇంకెవరో, "పొద్దుగూకినాక వచ్చింటే సరిపోయిండు" అన్నారు. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తానేమందో చిన్నమ్మకే తట్టలేదు. నేను పెద్దమ్మ ముఖం వైపు చూశాను. విన్నావా పెద్దమ్మా అని గట్టిగా, ఊరంతా వినేట్టు అడగాలనిపించింది.

వాన మాత్రం వాళ్ళ మాట వినలేదు. మేము ఆమెను ఎత్తుకుని గడప దాటేటప్పటికి ఇంకా పెద్దదైంది.